మిన్నీ బే బంగళాకి మెట్లొచ్చిన వారం

ఎలా వెళ్ళాలి, టిక్కెట్టెంత, సంచిలో ఏం సర్దుకోవాలి లాంటివి నన్నడక్కండి. అవన్నీ ఫోన్లో ఉన్నాయి. సెల్యులార్ జైలు గురించి కూడా నేను రాయను. చూశాను, ఏడ్చాను, బయటికొచ్చాను. అంతకన్నా బాగా రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను రాసేది మేం దిగిన ఇంటి గురించి. అండమాన్ దాకా వెళ్ళి ఇల్లు చూసొచ్చావా అని మావారు నవ్వారు. అవును, ఇల్లే చూసొచ్చాను. మళ్ళీ వెళ్ళినా ముందు ఆ ఇంటికే పోతాను.

నాది భీమిలి. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకుంటాను కాబట్టి కొత్తవాళ్ళ గుమ్మం ముందు నిలబడటానికి నాకు సిగ్గు లేదు. నాతో వచ్చింది మా ఆడపడుచు, రత్నం వదిన. మావారికి అక్క. మనిషి బంగారం గానీ వాస్తు పిచ్చి ఉంది. మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఇప్పటికి మూడు మూలలు తిరిగిందంటే ఆవిడ చలవే. ఈవిడతో వారం రోజులు ఒకే గదిలోనా అని బయల్దేరేముందు నేను భయపడిన మాట నిజం. 

లేని డచ్చివాళ్ళ ఇల్లు

ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం. బోర్డుల మీద అలాగే ఉంది. ఆటో డ్రైవరు దగ్గర్నుంచి టీ కొట్టు ఆవిడ దాకా నోటితో మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. నేనూ అదే రాస్తాను.

గది బుక్ చేసింది వదిన కొడుకు. చారిత్రక పట్టణంలో కొత్తగా బాగుచేసిన డచ్చి విల్లా అని ఫోన్లో ఉందట. నాకప్పుడే అనుమానమొచ్చింది. మా భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి, చిన్నప్పుడు వాటి చుట్టూ దాగుడుమూతలాడుకున్నాం. డచ్చివాళ్ళ సంగతి నాకు చెప్పొద్దు. మిన్నీ బేలో ఆటో దిగి ఆ ఇల్లు చూడగానే, "ఇది దొరల బంగళా గానీ డచ్చివాళ్ళదెలా అయింది?" అని అడిగేశాను.

గేటు దగ్గర నిలబడ్డ ఇల్లుగలావిడ నవ్వాపుకోలేకపోయింది. పేరు కుమారి, నలభై ఉంటాయేమో. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, తండ్రిది టెక్కలి వైపు.

"అది మా తమ్ముడి పని దీదీ. ఇంగ్లీషోళ్ళ బంగళా అని పెడితే ఎవరూ నొక్కట్లేదంట. ఇక్కడ సబ్ కుఛ్ ఇంగ్లీషోళ్ళవే కదా. డచ్ అని పెట్టినాక బుకింగులు వచ్చినాయి. ఝూఠ్ అని నాకూ తెల్సు. మీరు రివ్యూలో మాత్రం రాయకండి," అంది.

రాయనని మాటిచ్చాను. ఇది రివ్యూ కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

డచ్చివాళ్ళది కాకపోయినా ఇల్లు మాత్రం ఇల్లే. మొత్తం చెక్క. సిమెంటు దిమ్మల మీద గుంజలు నిలిపి నేలకి ఒక నిలువెత్తున కట్టారు, కింద కోళ్ళు తిరుగుతున్నాయి. పడౌక్ అని ఇక్కడి అడవుల్లో పెరిగే ఎర్రచెక్క ఉంది, నేలంతా దాని పలకలే. ఎన్ని కాళ్ళు తిరిగాయో, చెప్పుల్లేకుండా నడిస్తే పాదానికి చల్లగా, నున్నగా తగులుతుంది. కిటికీలకి అద్దాలు లేవు, చెక్క రెక్కలున్నాయి. ఒక కర్ర కిందికి లాగితే రెక్కలన్నీ ఒకేసారి తెరుచుకుని సముద్రం గాలి లోపలికొస్తుంది. ముందువైపు పొడుగాటి వరండా, అందులో వాలుకుర్చీలు. స్నానాలగది మాత్రం కొత్తది, వేణ్ణీళ్ళొస్తాయి. రోజుకి మూడున్నర వేలు, పొద్దుట టిఫిను అందులోనే. వైజాగులో ఆ డబ్బుకి కిటికీ తెరుచుకోని గది ఇస్తారు.

వదిన దిక్కులు చూసుకుంది. గుమ్మం తూర్పు, వంట ఆగ్నేయం. "ఎవరో తెలిసినవాళ్ళే నిలబెట్టారు," అని మెచ్చుకుంది. ఆవిడ నోట మెప్పు రావడం అంటే మాటలా.

ఇంత అందమైన ఇంటికి ఒక్కటే వంక. మెట్లు. వరండా ఎక్కడానికి సిమెంటు మెట్లు, పక్కన స్టీలు గొట్టం. పట్టుచీర కట్టుకుని రబ్బరు చెప్పులేసుకున్నట్టుంది. మెట్ల పక్కన కుర్చీలో ఒక పెద్దాయన గేటుకేసి చూస్తూ కూర్చున్నాడు. కుమారి తండ్రి సత్యం గారు. పాతకాలం కాంట్రాక్టరు.

"ఏ ఊరమ్మా మీది?"

"భీమిలండీ."

"బీమిలా? మా మేనత్తనిచ్చినారక్కడ," అని కుర్చీలో కదిలాడు. సముద్రం బాగుందా, బజారు అలాగే ఉన్నాదా అని అన్నీ అడిగాడు. నేను ఊరుకోవచ్చు కదా. "ఇల్లింత బాగుంది, ఈ సిమెంటు మెట్లేమిటండీ?" అన్నాను.

ఆయన మొహం గేటువైపు తిప్పేసుకున్నాడు. కుమారి నా సంచి అందుకుని గబగబా లోపలికి నడిచింది.

చాతం వెళ్ళొచ్చేసరికి

మర్నాడు చాతం వెళ్ళాం. చిన్న దీవి, దానిమీద దొరలనాటి రంపపు మిల్లు, ఊరికి వంతెనతో కలిపారు. లోపలికి అడుగుపెట్టగానే కోసిన చెక్క వాసన. అక్కడ పెట్టిన దుంగలు చూస్తే, ఇంత చెట్టుని పడగొట్టడానికి మనిషికి చెయ్యెలా వచ్చిందా అనిపించింది. వదిన ఒక పడౌక్ పలక మీద చెయ్యేసి చాలాసేపు తీయలేదు.

ఈలోగా మిన్నీ బేలో వాన పడింది. ఈ ఊళ్ళో వాన కబురు చెప్పి రాదు. ఈశాన్యం గాలి గదిలోకి రావాలని వదిన పొద్దున్నే ఆ వైపు రెక్కలన్నీ బార్లా తెరిచి వెళ్ళింది. గాలితోపాటు వానా వచ్చి మంచం మీద పరిచిన ఆవిడ చీరలన్నీ ముద్దయ్యాయి. మేం వచ్చేసరికి కుమారి వాటిని వరండా నిండా ఆరేసి, ఒక్కొక్కటీ ఇస్త్రీ చేస్తోంది.

"వాస్తు ప్రకారం తెరిచానమ్మా," అంది వదిన నీరసంగా.

"వానకి వాస్తు తెలీదు ఆంటీ," అంది కుమారి. నన్ను దీదీ అని, ఆవిడని ఆంటీ అన్నందుకు వదిన ఆ సాయంత్రమంతా ముభావంగా ఉంది. మా ఇద్దరికీ వయసు తేడా నాలుగేళ్ళే.

అలిగినా తినడం మానలేదు. కుమారి వంజరం చేపముక్కలతో పులుసు పెట్టింది. ఇక్కడివాళ్ళు దాన్ని సుర్మయి అంటారు. మెంతులు, చింతపండు మన శ్రీకాకుళం వాటమే, చివర్న మాత్రం గరిటెడు కొబ్బరిపాలు పోసింది. చింతపండు పులుసులో కొబ్బరిపాలా అని నొసలు చిట్లించాను. తిన్నాక మారు వడ్డించుకున్నాను. ఇంటికొచ్చి నేనూ అలాగే పెడుతున్నాను, కుదరట్లేదు.

ఒక మాట చెప్పాలి. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు. తెల్లారకముందే తెల్లారిపోతుంది, మనం సాయంత్రం టీ పెట్టుకునే వేళకి చీకటి. ఆకలి ఏ వేళకి వేస్తుందో రెండ్రోజులు అర్థం కాలేదు.

మిడిల్ పాయింట్: ఓడ వస్తేనే టమాటా

మూడోరోజు కుమారి బజారుకెళ్తుంటే వెంటపడ్డాను. వదినా వచ్చింది, ఆంటీ కోపం మరిచిపోయి. మిడిల్ పాయింట్‌లో కొట్లు చాలావరకు మనవాళ్ళవీ, తమిళులవీ, బెంగాలీలవీ. ఓడొచ్చి రెండ్రోజులే అయింది కాబట్టి టమాటా కిలో ఎనభై. ఓడ రాకపోతే రెండొందలైనా అవుతుందట. కొబ్బరిబొండాం యాభై అంటే నేను గొడవపడ్డాను. "చుట్టూ కొబ్బరిచెట్లే కదయ్యా," అంటే, "ఎక్కేవాడేడీ దీదీ?" అన్నాడు బొండాలవాడు. యాభై ఇచ్చి తాగాను.

ఒక తెలుగావిడ కిరాణాకొట్లో కూతురు కూర్చుంది. మనలాగే గలగలా మాట్లాడుతోంది గానీ గోడమీది తెలుగు క్యాలెండరు చదవలేదు. "అమ్మ చదువుద్ది, నాకు బోల్నా ఆతా, పఢ్నా నహీ," అంది, ఏ బాధా లేకుండా. ఆ కొట్లో ఉన్న కాసేపట్లో నాలుగు భాషల వాళ్ళు సరుకులు కొన్నారు. ఎవరూ ఎవర్నీ మీరేమిట్లని అడగలేదు. మనూళ్ళో అయితే ఉప్పు పొట్లం కట్టేలోగా మూడు తరాల వంశం లాగేస్తారు.

తిరిగొచ్చేటప్పుడు మెట్ల సంగతి మళ్ళీ అడిగాను. ఈసారి తండ్రి పక్కన లేడు కదా, కుమారి చెప్పింది.

ఆ బంగళా అసలు ఇక్కడిది కాదు. వేరేచోట గవర్నమెంటు క్వార్టరుగా ఉండేది. పాతబడిందని పడగొట్టి కలప వేలం వేశారు. సత్యం గారూ, ఆయన స్నేహితుడు యూసుఫూ కలిసి పాడుకున్నారు. యూసుఫ్ ఫెర్రీ బోటు నడిపే సరంగు. తాతలనాటి నుంచీ ఈ దీవులవాళ్ళే. మిగతావాళ్ళయితే ఆ కలపని మంచాలకీ బీరువాలకీ అమ్ముకునేవారు. వీళ్ళిద్దరూ పలకలన్నీ విప్పి, ముందు సత్యం గారికి ఇక్కడ ఇల్లు నిలబెట్టి, మిగిలినదానితో యూసుఫుకి హాడోలో ఇల్లు కడదామనుకున్నారు. పాత బంగళా మెట్లు విడిపోకుండా ఒక్క ముక్కగా వచ్చాయి. ఒక్క మేకు లేకుండా, చెక్కలో చెక్క బిగించిన పని. సత్యం గారు లెక్కపెట్టాడు. సరిసంఖ్య వచ్చింది.

వదిన అక్కడే ఆగిపోయింది. "అయ్యో, సరిసంఖ్య పనికిరాదు," అంది.

"నాన్నా అదే అన్నాడు. ఒక మెట్టు కోసేద్దాం, బేసి అయిపోద్ది అన్నాడు. రంపం కూడా తెచ్చేశాడు. యూసుఫ్ చాచా అడ్డం నిలబడ్డాడు. నీ లెక్క కోసం దీన్ని కోస్తావా, రంపం పెడితే నేను చూడలేను అన్నాడు. మాటా మాటా పెరిగింది. చాచా ఆ మెట్లు తన హిస్సాలో వేసుకుని పట్టుకుపోయాడు. మళ్ళీ ఈ గేటు తొక్కలేదు. నాన్న సిమెంటుతో కట్టించుకున్నాడు, బేసిసంఖ్యలో. నా చిన్నప్పటి మాట దీదీ ఇది. చాచా భుజాల మీద తిరిగిందాన్ని నేను. నా పెళ్ళికైనా వస్తాడని ఎదురుచూశాను, రాలేదు."

"ఇప్పుడేమైంది?" అన్నాను. ఏదో అయిందని ఆమె గొంతులో తెలుస్తోంది.

"చాచా కొడుకులు ఆ ఇల్లు పడగొట్టి పక్కా ఇల్లు కడుతున్నారు. కలపంతా టింబర్ సేటుకిచ్చేశారు. మెట్లు ఒక్కటే మిగిలినాయి, శుక్రవారం లారీ వస్తాది. ఆ సేటు వాటిని కుర్చీలు చేసేస్తాడంట. నాన్నకి తెల్సు. అందుకే రోజూ అలగ గేటుకేసి చూస్తూ కూర్చున్నాడు. అడగడు. నన్ను ఎల్లనివ్వడు. నువ్వెల్తే నాను చచ్చినట్టే అన్నాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఒక్క మెట్టు కోసం ఒక జీవితకాలమా? కుమారిని వెళ్ళొద్దన్నాడు గానీ నన్నెవరు వద్దన్నారు? కుమారి దగ్గర గుర్తులు కనుక్కుని, వదినని లాక్కుని ఎదురొచ్చిన ఆటో ఎక్కాను.

హాడో: ఎక్కడికీ వెళ్ళని మెట్లు

వదిన ఆటోలో నన్ను చీవాట్లు పెడుతూనే ఉంది. "ఊరు చూడ్డానికొచ్చి ఊళ్ళోవాళ్ళ గొడవలు నెత్తికెత్తుకుంటావా? అయినా ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అని. ఆ చిరాకులో కుమారి చెప్పిన గుర్తులు మర్చిపోయి, హాడోలో మొదట ఇంకో యూసుఫ్ ఇంట్లో దూరాం. వాళ్ళు భోజనాల దగ్గరున్నారు. ఎవరు మీరని అడక్కుండానే టీ ఇచ్చారు. తాగాక అడిగారు. అప్పుడు వాళ్ళ పిల్లే చేయి చూపించింది, పైన ఆ మలుపులో అని.

ఆ మలుపు దగ్గర నేను చూసింది ఇంకా కళ్ళముందే ఉంది. కొండవాలు మీద ఇల్లు పోయి ఖాళీ జాగా. ఇటికలు, ఇనుపకమ్మీలు, ఇసకకుప్ప. మధ్యలో చెక్కమెట్లు మాత్రం రెండు గుంజల మీద నిలబడి ఉన్నాయి. పైన గుమ్మం లేదు, వరండా లేదు, ఆకాశమే. నడిమి మెట్టు మీద లుంగీ కట్టుకున్న పెద్దాయన కూర్చుని, కింద కనిపిస్తున్న ఓడల్ని చూస్తున్నాడు. చేతిలో టీ గ్లాసు.

మిన్నీ బే నుంచి వచ్చామని చెప్పగానే ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. జీవితమంతా తెలుగు కాంట్రాక్టర్లతో తిరిగినవాడు, తెలుగు బాగానే వచ్చు.

"సత్యం పంపించాడా? సచ్ బోలో."

"లేదండీ. మేమే వచ్చాం. ఆయనకి తెలీదు."

మొహం వాడిపోయింది. "ఆవ్, కూర్చోండి," అన్నాడు, మెట్టు చూపించి.

నేను కూర్చున్నాను. ఎంత పని! పక్కనున్న కటకటాల్లో ఒక్కొక్క కర్రా చేత్తో మలిచింది. ప్రతి మెట్టూ నడుమన కొద్దిగా అరిగి పల్లంగా ఉంది. నా వేళ్ళు వాటంతటవే నిమరడం మొదలెట్టాయి. దీనికా రంపం పెట్టబోయింది!

వదిన కూర్చోలేదు. చెప్పులిప్పి, మెట్లన్నీ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి దిగింది. పెదవులు కదులుతున్నాయి.

"సరిసంఖ్య అన్నారు. బేసే వచ్చిందే?"

ఆయన నవ్వాడు. "కింద రాయిని కూడా లెక్కలో గిన్ చేశారు మీరు. అది నేను కీచడ్‌కి వేశాను, బురదకాళ్ళు కడుక్కోడానికి."

నిజమే, మెట్ల అడుగున ఒక చదునైన రాయి ఉంది. వదిన ఆ రాయిని చూసింది, నన్ను చూసింది. "కోయడమెందుకు? అడుగున రాయేస్తే పోయేదిగా," అంది. "పైగా సత్యం గారిల్లు దిమ్మల మీద ఎత్తారు, చెదపట్టకుండా. ఉత్త మెట్లయితే ఎత్తు చాలవు కూడా. రాయి ఎటూ కావాలి."

చూశారా, రెండు పూటలు ఇల్లంతా దిక్కులు కొలుచుకుంటూ తిరిగినందుకు ఆవిడకి దిమ్మల సంగతి కూడా తెలిసింది. వదిన నాకు మొదటిసారి ముద్దొచ్చింది.

యూసుఫ్ గారు మాత్రం సంతోషపడలేదు. "రాయి సంగతి కాదు బెహన్. వాడికి కావాలంటే వాడు రావాలి. పైసా వద్దు నాకు, ఊరికే ఇచ్చేస్తాను. కానీ రావాలి. వాడి బిటియా షాదీకి నేను కొత్త బట్టలు కుట్టించుకున్నాను. పిలుస్తాడని పొద్దుట్నించి శామ్ దాకా ఇక్కడే కూర్చున్నాను. పిలవలేదు." ఓడలకేసి తిరిగి అన్నాడు. "సేటు శుక్రవారం వస్తాడు. నా కొడుకులు మాటిచ్చేశారు."

ఆయనకి తెలుసో తెలీదో, కుమారి కూడా ఆరోజు ఆయన కోసమే చూసింది. చెప్పాను. ఆయన గ్లాసందుకుని టీ లేకపోయినా ఒక గుటకేశాడు.

సత్యం గారి జవాబు

ఆ సాయంత్రం వరండాలో వదినే మొదలెట్టింది. నేనైతే ఊళ్ళో పాలసీ అమ్మినట్టు చుట్టూ తిప్పి చెప్పేదాన్ని. ఆవిడ సూటిగా చెప్పేసింది. హాడో వెళ్ళామనీ, మెట్లు చూశామనీ, అడుగున రాయేస్తే బేసి అవుతుందనీ, ఎత్తూ సరిపోతుందనీ. కుమారి గుమ్మంలో నిలబడి వింటోంది. ముసలాయన కేకలేస్తాడని నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

ఆయన కేకలెయ్యలేదు.

"నాకు తెల్దా? సిమెంటు ఆరకముందే తెలిసినాది నాకు. ఇల్లు దిమ్మల మీదికెత్తినాక కొలిసి సూస్తే అడుగున జానెడు ఖాళీ ఉన్నాది. రాయేస్తే సరిపోను. అప్పుడే తెలిసినాది."

"మరి?"

"మరేటి? ఎల్లి ఏటని సెప్పమంటావు తల్లీ? ఒరే, నానే ఓడిపోయినాను, నువ్వే నెగ్గినావు అని సెప్పాలా? రేపెల్దాం, రేపెల్దాం అనుకున్నాను. రేపు ఏడాదైపోనాది. ఏడాదయ్యాక ఎల్తే ఇన్నాళ్ళెందుకు రాలేదంటాడు. ఇంకో ఏడాదయ్యాక మరీ సిగ్గు. అలగే అయిపోనాది."

వాస్తు మీద నెపం పెట్టి ఆయన ఇన్నేళ్ళు మోసింది ఇదన్నమాట. నాకాయన మీద కోపం పోయి జాలేసింది. జాలి కూడా కాదు, మన ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళు ఎంతమంది లేరు? పలకరించడానికి ఆలస్యమైపోయిందని పలకరించడమే మానేసినవాళ్ళు.

వదిన గొంతు సవరించుకుంది. "అన్నయ్యగారూ, తెగేదాకా లాక్కండి. ఆ మెట్లున్నన్నాళ్ళూ మీకు అక్కడికెళ్ళడానికి ఒక వంకైనా ఉంది. శుక్రవారం తర్వాత అవి కుర్చీలైపోతాయి. అప్పుడింక ఏ మొహం పెట్టుకుని వెళ్తారు?"

ఆయన లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడంతా అంతే. ఆయనా, కుర్చీ, గేటు. మేం చిడియా టాపు వెళ్ళి సూర్యాస్తమయం చూశాం. సూర్యుడు సముద్రంలోకి ఎర్రగా జారిపోయాడు, అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేను మాత్రం, ఇంకొక్క రాత్రే ఉంది కదా అనుకుంటూ కూర్చున్నాను.

శుక్రవారం

పొద్దున పూరీలు తింటుంటే వరండాలో చెప్పుల చప్పుడు. సత్యం గారు. ఇస్త్రీ చొక్కా, తెల్లపంచె, తలకి నూనె. "ఆటో పిలువు," అన్నాడు కూతురితో. కుమారి చేతిలో పూరీ అలాగే ఉండిపోయింది. వదినకి ఇల్లప్పగించి కుమారి ఎక్కింది, దారి తెలుసు కాబట్టి నేనూ ఎక్కాను. తెలియకపోయినా ఎక్కేదాన్ననుకోండి.

అప్పటికే ఆలస్యమైంది. మలుపు దగ్గర లారీ నిలబడి ఉంది. నలుగురు కూలీలు మెట్లకి తాళ్ళు కడుతున్నారు, ఒకడు గుంజల్ని గునపంతో కదుపుతున్నాడు. యూసుఫ్ గారు దూరంగా రేకుల షెడ్డు ముందు, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. చూడలేక అని నాకు అర్థమైంది.

సత్యం గారు ఆటో దిగాడు. ఏమన్నా అంటాడా అని నేనూ కుమారీ వెనకే దిగాం. ఆయన ఎవర్నీ పలకరించలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, తాళ్ళు దాటుకుని, మెట్ల మీద కూర్చున్నాడు. అంతే. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

కూలీలు మొహమొహాలు చూసుకున్నారు. "బాబా, ఉఠియే," అన్నాడొకడు. ఆయన వినిపించుకోలేదు. ఇంకొకడు షెడ్డు వైపు చూసి, "చాచా, ఎవరో కూర్చున్నారు," అని అరిచాడు.

యూసుఫ్ గారు తిరిగాడు. అక్కణ్ణుంచి మెట్ల దాకా రావడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"లే," అన్నాడు.

"లెగను."

"సేటుకి మాటిచ్చేశారు నా కొడుకులు."

"ఇస్తే ఇచ్చినారు. నన్నూ లారీ ఎక్కించమను."

యూసుఫ్ గారు తాడు పట్టుకున్న కూలీని చేత్తో పక్కకి జరిపాడు. సత్యం గారు తలెత్తి చూడలేదు, కింద మట్టికేసి చూస్తూనే మాట్లాడాడు.

"ఒరే యూసుఫ్, ఆ సిమెంటు మెట్లెక్కి ఇన్నేళ్ళు ఇంట్లోకెల్లినాను గానీ, ఒక్కరోజూ ఇంటికొచ్చినట్టు లేదురా. తప్పు నాది. రంపం తేకూడదు. పిల్ల పెల్లికి నిన్ను పిలకపోవడం అంతకన్నా తప్పు."

కుమారి ఆ మాటకి నిలబడలేక, పరుగెత్తుకెళ్ళి యూసుఫ్ గారి చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమె తలమీద చెయ్యేసి ఉంచేశాడు. లారీ డ్రైవరు బీడీ ముట్టించుకుని, ఇక ఈ బేరం లేదని అర్థమైనట్టు ఇంజనాపేశాడు. సేటుకి ఫోను చేసి సర్దిచెప్పింది యూసుఫ్ గారి పెద్దకొడుకు. కొంచెం విసుక్కున్నాడు, నిజం చెప్పాలి కదా. ఆ లారీవాడే మెట్లని మిన్నీ బే తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

తాళ్ళు మళ్ళీ బిగిస్తుంటే యూసుఫ్ గారు మెల్లగా అడిగాడు. మొదట నాకు సరిగా వినబడలేదు. సత్యం గారికి వినబడింది.

"నాకు ఇప్పుడు ఇల్లు లేదు సత్యం. కొత్తది ఎప్పటికి లేస్తాదో తెలీదు, అందులో నాకో కమరా ఇస్తారు. రోజూ శామ్‌కి వీటిమీదే కూర్చునేవాణ్ణి. నువ్వు పట్టుకుపోతే నేనెక్కడ కూర్చోవాలి?"

"మెట్లు ఏడుంటే ఆడే కూకో," అన్నాడు సత్యం గారు. "ఎవడొద్దన్నాడు."

మేం దిగి వచ్చేటప్పుడు

శనివారమంతా సుత్తుల చప్పుడే. సిమెంటు మెట్లు పగలగొట్టారు. మేం వంటింటి వెనక నిచ్చెన వేసుకుని ఎక్కాం, దిగాం. వదిన ఆ వయసులో చీర ఎగ్గట్టి నిచ్చెనెక్కుతుంటే నేను ఫోటో తీశాను, ఎవరికీ చూపించనని ఒట్టేయించుకుంది. మెట్ల కింద రాయి ఏ వైపు వాలాలో చెప్పింది ఆవిడే. సత్యం గారూ, యూసుఫ్ గారూ వాదించుకుంటూనే ఉన్నారు, ఎడమకి జరపాలని ఒకరు, కుడికి జరపాలని ఒకరు. కుమారి పొయ్యి దగ్గర అటూ ఇటూ తిరుగుతూ కూనిరాగం తీసింది. ఆ పూట బిరియానీ. చెయ్యి తిరిగినవాళ్ళు చేసినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం మా ప్రయాణం. పెట్టెలు సర్దుకుని వరండాలోకొచ్చాం. మెట్లు నిలబడ్డాయి, ఆ ఇంటికి ఇన్నాళ్ళూ ఏం లోటో అప్పుడు తెలిసింది. చూస్తూ ఉండిపోదామనిపించింది. కానీ మెట్ల నడుమన ఇద్దరు ముసలాళ్ళు టీ గ్లాసులతో పక్కపక్కనే కూర్చుని, ఎప్పుడో మునిగిపోయిన ఒక బోటుకి ఇంజను ఎవరిదో తేల్చుకుంటున్నారు. మేం వెళ్తున్నామని చెప్పాను. సత్యం గారు తలూపి, మళ్ళీ బోటు దగ్గరికెళ్ళిపోయాడు.

"నాన్నా, జరగండి, దీదీ వాళ్ళు దిగాలి," అంది కుమారి.

ఇద్దరూ జరగలేదు. విన్నారని కూడా అనుకోను. మేం పెట్టెలు నెత్తిన పెట్టుకుని, కటకటాలు పట్టుకుని, వాళ్ళ పక్కనించి ఒక్కొక్కరం వారగా దిగాం.